గుమస్తా ఓబులేసు నేర్పిన మాట

ప్రొద్దుటూరు కోర్టు ఆవరణలో ప్లీడరు గుమస్తా ఎవరని అడిగితే ముప్పై ఏళ్ల పాటు అందరూ ఓబులేసునే చూపించారు. అతను పనిచేసే ప్లీడరును ఊరంతా పెద్దసార్ అనేది. కానీ పల్లెల నుంచి వచ్చే కక్షిదారులు ముందు కూర్చునేది ఓబులేసు బల్ల దగ్గరే. సార్ ముందు నోరు రానివన్నీ అతని దగ్గర చెప్పుకునేవాళ్లు. అతను అంతా విని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, జమ్మలమడుగు నుంచి వచ్చినవాడికైనా పులివెందుల నుంచి వచ్చినవాడికైనా, కొట్లాట జరిగిన చోటు గురించి ఒకటే మాట నేర్పేవాడు.

"నువ్వు ఆడ లేవప్పా. అంతే. ఎవరెన్ని రకాలుగా అడిగినా, నేను ఆడ లేను అను."

ఆ మాట ఊరికే పుట్టలేదు. ఓబులేసు పనిలో చేరిన కాలంలో ఈ సీమ కేసులకు ఒక వాడుక ఉండేది. ఊళ్లో రెండు వర్గాలు తలపడితే, కొట్టింది ఇద్దరైనా ఫిర్యాదులో పదకొండు పేర్లు రాయించేవాళ్లు. అవతలి వర్గంలో నాలుగు మాటలు మాట్లాడగలిగిన మగవాడు ఎవడూ బయట తిరగకూడదని లెక్క. ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది నిజంగానే అక్కడ ఉండరు. ఒకడు మార్కెట్లో పత్తి అమ్ముతుంటాడు, ఇంకొకడు జ్వరంతో మంచంలో ఉంటాడు. వాళ్లంతా నిజం చెప్పగా, మిగిలిన ఇద్దరూ వాళ్ల వెనకాల నిలబడి అదే మాట చెబితే, ఎవడు ఉన్నాడో ఎవడు లేడో తేలక కేసు కొట్టుకుపోయేది. ఓబులేసు దీన్ని తన తెలివి అనుకున్నాడు. నిజానికి అది గుంపు చలవ. ఆ సంగతి అతనికి తట్టేసరికి ఇంటి మీదికే వచ్చింది.

వసంతమ్మ అతనికి ఒక్కగానొక్క చెల్లెలు. తండ్రి జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్లు మామిడికాయలకు రాళ్లు విసురుతుంటే ఒకసారి పక్కింటివాళ్ల కోడిపెట్ట చచ్చింది. ఓబులేసు పరుగున గనికి పోయి, పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నవాడిలా తండ్రి పక్కన కూర్చున్నాడు. వసంతమ్మ చచ్చిన కోడిని కాళ్లు పట్టుకుని పక్కింటికే తీసుకుపోయి, "నా రాయి తగిలింది" అని చెప్పి, వీపు వాచేలా తన్నులు తిని వచ్చింది. ఈ పిల్ల నోరే దీనికి శత్రువని తల్లి తిట్టింది. ఇద్దరి బతుకులూ ఆ రోజే తేలిపోయాయంటే పెద్ద మాటేమీ కాదు.

ఆమెను వేముల పక్కన ఒక పల్లెలో ఇచ్చారు. పిల్లలు లేరు. మొగుడు గుండె ఆగి పోయాక అన్న వచ్చి పిలిచినా ఆమె ప్రొద్దుటూరు రాలేదు. రెండున్నర ఎకరాల చీనీ తోటను, అంటే బత్తాయి తోటను, తానే చూసుకుంది. మామ కాలంలో వేసిన బోరు ఒకటే. దాని నీళ్లు ఒక రోజు ఆమె చెట్లకు, ఒక రోజు మరిది ఆదినారాయణ అరటికి. తన అన్న, అంటే వసంతమ్మ మొగుడు, ఉన్నంతకాలం ఆదినారాయణ వంతు తప్పలేదు. అన్న పోయాక, ఆడమనిషి ఏం చేస్తుందిలే అని, ఆమె వంతు రోజు కూడా నీళ్లు తనవైపు తిప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఆరేళ్ల కిందట శ్రావణమాసంలో ఒక శనివారం. ఊరంతా పాపఘ్ని ఏటి ఒడ్డున ఉన్న గండి ఆంజనేయస్వామి తిరునాళ్లకు పోయింది. పొలాల్లో మనుషులు లేరు. పొద్దున పదిన్నరకు ఓబులేసు కోర్టు వరండాలో ఉండగా ఫోన్ మోగింది.

"అన్నా, ఆదినారాయణ గెలలు కోసే కత్తితో కొట్టినాడు. ఎడం చెయ్యి అడ్డం పెట్టినా. నా చేతిలో పైపు పానా ఉన్నింది. తల మీద కొట్టినా. పడినాడు. ఆటో పిలిచి వాన్నీ సుధారాణినీ ఎక్కించి ఆసుపత్రికి పంపించినా. ఇంగ నేను టేసనుకు పోతాండా. వానికి..."

"యాడికీ పోవద్దు," అన్నాడు ఓబులేసు, ఆమె మాట పూర్తికాకుండానే. "ఎవరితో ఏమీ మాట్లాడొద్దు. నేను వస్తాండా."

సుధారాణి అంటే ఆదినారాయణ భార్య, వసంతమ్మకు తోడికోడలు. తగాదా విని పరుగెత్తుకొచ్చి, మొదటి దెబ్బ నుంచీ చూసింది ఆమె ఒక్కతే. ఓబులేసు బాడుగ కారులో పోయి, మధ్యాహ్నానికల్లా చెల్లెలిని ప్రొద్దుటూరు చేర్చాడు. దారి పొడుగునా అతని బుర్ర చురుగ్గా పనిచేసింది. అంత చురుగ్గా ఎన్నడూ పనిచేయలేదని తర్వాత తానే చెప్పుకుని ఏడ్చేవాడు.

ఆమె ఎడమ చేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా కత్తిగాటు. ఓబులేసు ఇంటి వెనక వీధిలో సైదాబీ ఉండేది. నర్సింగ్‌హోమ్‌లో ఇరవై ఏళ్లు పనిచేసి మానుకున్న మనిషి, చెయ్యి మంచిదని పేరు. ఆమెను పిలిపించాడు. గుడ్డ విప్పి చూసి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది నేను కుట్టేది కాదన్నా. పెద్దాసుపత్రికి తీసకపో. కత్తిగాయమని డాక్టరు రాసిస్తాడు. ఈయమ్మ మీద కత్తి ఎత్తినారని ఒక కాగితం ఉంటాది."

"ఆ కాగితమే వద్దు సైదాబీ. గాయముంటే ఆడ ఉన్నట్టే గదా."

"ఉన్నింది గదన్నా మరి."

"ఉన్నిందని నీకూ నాకూ తెలిస్తే చాలు. కుట్టు."

సైదాబీ కుట్టింది. పదిహేను కుట్లు. వసంతమ్మ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. మూడో రోజు ఆదినారాయణ కడపలో ప్రాణం వదిలాడని కబురొచ్చినప్పుడు మాత్రం గోడకు తిరిగి కూర్చుని సాయంత్రం దాకా ఏడ్చింది. పెళ్లయిన కొత్తలో వాడు నిక్కర్లు వేసుకుని ఆమె చేతి ముద్ద తిన్నవాడే.

ఆ మర్నాడు ఓబులేసు ఆమెకు పాఠం మొదలుపెట్టాడు. శనివారం పొద్దున్నే గండికి పోయినావు. సాయంత్రం దాకా ఆడనే ఉన్నావు. జమ్మలమడుగు నుంచి మనవాళ్లు ఇద్దరు నీతో ఉన్నారు. శ్రావణ శనివారం గండిలో ఎవరు ఎవరిని చూశారో ఆ ఆంజనేయస్వామికే తెలియాలి. అంతకు మించిన చోటు ఇంకొకటి దొరకదని అతని ధైర్యం.

"నేను గండికి పోలేదు గదన్నా," అంది వసంతమ్మ. "వాడు ముందు కొట్టినాడు, నేను తర్వాత కొట్టినా. ఆ మాటే చెప్తే ఏమైతాది?"

"కొట్టినానని నీ నోటితో వచ్చిందంటే నిన్ను ఇంగ ఎవరూ కాపాడలేరు. ముప్పై ఏండ్లు చూసినోణ్ణి. నా మాట విను పాపా."

తండ్రి పోయాక తండ్రిలాంటి అన్న. కోర్టుల్లో తలపండినవాడు. ఆమె విన్నది. కుట్లు మానేదాకా నెల రోజులు దాచి, పొడుగు చేతుల రవిక కుట్టించి, ఆ తర్వాతే తీసుకుపోయి కోర్టులో అప్పగించాడు. ఒంటి మీద దెబ్బలున్నాయా అని మేజిస్ట్రేటు అడిగితే లేవని చెప్పింది. అదీ అన్న నేర్పిందే.

ఇంకొక తప్పు ఉంది. దీన్ని మాత్రం ఓబులేసు చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. వకాలత్ మీద సంతకం చేయించే రోజు పెద్దసార్ తలుపు మూయించి, "ఓబులేసూ, నాకు మాత్రం నిజం చెప్పు. ఆమె ఆడ ఉన్నిందా?" అని అడిగాడు. అతను సార్ కళ్లలోకి చూసి, "లేదు సార్," అన్నాడు. పరాయివాళ్ల విషయంలో ఎన్నడూ సార్ దగ్గర దాచినవాడు కాదు. సొంత చెల్లెలు కాబట్టి దాచాడు. సార్‌కు తెలిస్తే మనసు విరిగి గట్టిగా వాదించడేమోనని భయం. ప్రేమ ఎక్కువైనచోట బుద్ధి తక్కువవుతుందంటారు, అదే అయింది.

కరోనా వచ్చి కోర్టులు మూతపడి, విచారణ మొదలయ్యేసరికి నాలుగేళ్లు గడిచాయి. బెయిలు మీద ఉన్న వసంతమ్మ వాయిదా వాయిదాకూ పొడుగు చేతుల రవికతోనే వచ్చింది. సుధారాణి బోను ఎక్కి, తన భర్తను వసంతమ్మ పానాతో కొట్టడం చూశానని చెప్పింది. పెద్దసార్ లేచాడు.

"ఆ రోజు వసంతమ్మ పొలంలో లేదు. బోరు తగాదా మనసులో పెట్టుకుని పేరు చెబుతున్నావు."

"ఉన్నింది సార్. నా కండ్లతో చూసినా."

"లేదంటున్నాను."

"ఎన్ని మార్లు అడిగినా ఉన్నింది సార్."

చెప్పాల్సింది ఇంకా ఉందన్నట్టు సుధారాణి బోనులోనే నిలబడింది. వసంతమ్మ వైపు చూసింది. ఇంకొక ప్రశ్న వస్తుందని ఆమె ఎదురుచూస్తున్నట్టు వెనక బెంచీలో ఉన్న ఓబులేసుకు స్పష్టంగా తెలిసింది. ఆ ప్రశ్న ఏమిటో కూడా తెలుసు. కత్తి ముందు ఎవరు ఎత్తారు? ఇలాంటప్పుడు చిన్న చీటీ రాసి సార్ చేతికి అందించడం ముప్పై ఏళ్లుగా అతను చేస్తున్న పనే. పెన్ను తీశాడు. కానీ ఆ ప్రశ్న వేయాలంటే వసంతమ్మ అక్కడ ఉండాలి. లేని మనిషి మీద ఎవరు కత్తి ఎత్తుతారు? పెన్ను మూత పెట్టేశాడు. పెద్దసార్ కూర్చున్నాడు. సుధారాణి మెల్లగా బోను దిగిపోయింది.

ఆ తర్వాత జమ్మలమడుగు సాక్షులు వచ్చారు. ఒకడు గండిలో అందరం పాపఘ్నిలో తలమునక స్నానం చేశామన్నాడు. రెండోవాడిని అదే అడిగితే, ఏట్లో చెమ్మ కూడా లేదు, ఇసకలో నడిచి కాళ్లు కాలినాయన్నాడు. కోర్టులో నవ్వు పుట్టింది. నవ్వనివాళ్లు అన్నాచెల్లెళ్లు ఇద్దరే. చివరికి జడ్జి వసంతమ్మనే అడిగాడు, నువ్వు చెప్పుకునేది ఏమన్నా ఉందా అని. ఆమె పెదవులు కదిలాయి. తిరిగి అన్న వైపు చూసింది. ఓబులేసు తల అడ్డంగా ఊపాడు.

"నేను ఆడ లేను సార్," అంది వసంతమ్మ.

ఏడేళ్ల శిక్ష పడింది. గండి కథను కోర్టు నమ్మలేదు. దెబ్బ ఎందుకు కొట్టాల్సి వచ్చిందో ముద్దాయి చెప్పలేదు, సాక్ష్యంలోనూ అలాంటిదేమీ లేదు అని తీర్పులో రాశారు. ఓబులేసు ఆ వాక్యం చదివి, కాగితాలు పట్టుకుని పెద్దసార్ ఇంటికి పోయి, ఉన్నదంతా కక్కేశాడు. ముసలాయన కాగితాలు మడిచి బల్ల మీద పెట్టాడు.

"ప్రాణం మీదికి కత్తి వస్తే కాచుకునేదానికి కొట్టడం నేరం కాదురా. అవతలివాడు చచ్చినా సరే, చట్టమే ఆ హక్కు ఇచ్చింది. నీ చెల్లెలికి గాయం ఉన్నింది, చెప్పుకునే నోరు ఉన్నింది. రెండూ నువ్వే మూసినావు. పోనీ, నాకన్నా చెప్పలేదేందిరా?"

ఓబులేసు ఆ కాగితాలు తీసుకుని బయటికి నడిచాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తానే ఎందరినో ఎగతాళి చేసినవాడు. మరునాటి నుంచి బల్ల దగ్గరికి పోలేదు.

ఒకరోజు పులివెందుల బస్టాండులో వేముల బస్సు కోసం నిలబడిన సుధారాణి కనిపించింది. తప్పుకుని పోదామనుకున్నాడు గానీ కాళ్లు ఆమె దగ్గరికే తీసుకుపోయాయి. ఆమె మొహం తిప్పుకోలేదు.

"నా మొగుడు పోయినాడు. ఆయమ్మ మీద కోపం లేదని నేను చెప్పలేనన్నా," అంది. "అయితే మీరు లేదు లేదంటాంటే, నన్ను అబద్ధాలదాన్ని చేస్తాండారని శానా మండింది. ముందు ఎవరు కొట్టినారని ఒక్కరన్నా అడిగిరా నన్ను? ప్రమాణం చేసినదాన్ని. అడిగింటే చెప్పకుండా యాడికి పోదును?"

"ఇప్పుడు అడిగితే చెప్తావామ్మా?"

ఆమె సంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"నేను బోనెక్కినప్పుడు నా కొడుక్కు తొమ్మిదేండ్లు. ఏం చెప్పినా వానికి తెలిసేది కాదు. ఇప్పుడు అన్నీ తెలుస్తాండాయి. మీ నాయన ఆడమనిషి మీద కత్తి ఎత్తినాడని వాని ముందర నేను చెప్పలేనన్నా. టైము దాటిపాయ."

బస్సు వచ్చింది, ఆమె ఎక్కి వెళ్లిపోయింది. ఓబులేసు ఆ బస్టాండు బెంచీ మీద, చిన్నపిల్లల తల్లులు దూరం జరిగేంతగా ఏడ్చాడు.

కడప జైలులో ఖైదీల తరఫున అప్పీళ్లు చూసే సుప్రియ అనే చిన్న వయసు ప్లీడరు వసంతమ్మ కాగితాలు తీసుకుంది. ఓబులేసును పిలిపించి మొహమాటం లేకుండా చెప్పింది. ముద్దాయి నోటితో అడగకపోయినా, రికార్డులో ఆధారం ఉంటే ఆత్మరక్షణ సంగతి హైకోర్టు చూడవచ్చు. ఈ రికార్డులో ఏ ఆధారమూ లేదు. గాయం దాచినట్టు ఓబులేసు, కుట్టినట్టు సైదాబీ, జరిగింది జరిగినట్టు వసంతమ్మ, ముగ్గురూ ప్రమాణపత్రాలు ఇస్తే, వాటిని తీసుకోమని కోర్టును అడగవచ్చు. తీసుకుంటుందన్న నమ్మకం లేదు.

"ఇంకొకటి. దొంగ సాక్ష్యం చెప్పించినానని మీరే రాసిస్తే, కేసు మీ మీదికి వస్తుంది. ఆలోచించుకోండి."

"ఆలోచించేది ఏమీ లేదమ్మా. రాస్తా."

సైదాబీ మాత్రం సంతకం పెట్టేముందు, "ఆ పొద్దే చెప్పినా గదన్నా," అని ఒక్కమాట అంది. అతను తల ఊపాడు.

తన పత్రం ఓబులేసు సులువుగానే రాశాడు. చెల్లెలి పత్రం దగ్గరే పెన్ను ఆగింది. పోస్టుమార్టం రిపోర్టులో తల మీద రెండు గాయాలున్నాయి. ప్రాణరక్షణకు ఒక దెబ్బ అంటే ఏ జడ్జి అయినా వింటాడు. రెండోది ఎందుకని అడిగితే? కిందపడ్డ మనిషి వల్ల ప్రమాదం తీరిపోయిందంటే హక్కు కూడా అక్కడితో తీరిపోతుంది. అందుకని, నేను ఒకే దెబ్బ కొట్టాను, పడేటప్పుడు బోరు పక్కనున్న సిమెంటు తొట్టి అంచు తగిలి రెండో గాయమైంది అని రాశాడు. రాశాక చదువుకున్నాడు. చక్కగా కుదిరింది. అది పట్టుకుని కడప బస్సెక్కాడు.

ములాఖత్ గదిలో ఇనుప జాలీకి అవతల వసంతమ్మ కూర్చుంది. జుట్టు సగం నెరిసింది. ఓబులేసు పత్రం మొత్తం చదివి వినిపించాడు. ఆమె శ్రద్ధగా విని, చివర అంది.

"ఒకటి కాదన్నా. రెండు."

అతను గొంతు తగ్గించాడు. "రెండోది తొట్టి అంచు..."

"తొట్టి యాడుండాది, వాడు పడింది యాడ? నువ్వు చూసినావా? వాడు పడినాడు. కత్తి చేతిలోనే ఉన్నింది. మోకాలు ఆనించి లేస్తాండాడు. మళ్ల కొడతాడో, పడిపోతాడో నాకు తెలీలా. తెలిసేదాకా నేను నిలబడలా. కొట్టినా."

"అది రాస్తే ఎట్లవుతాదో చెప్పలేం పాపా. జడ్జీలు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఈ ఒక్కటీ నా మాట విని..."

వసంతమ్మ అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే ఓబులేసుకు భరించరానిదిగా అనిపించింది.

"ఆరేండ్లాయ అన్నా. ఏం చెప్పాలో నేర్పిస్తివి, ఏం చెప్పగూడదో నేర్పిస్తివి. ఏం జరిగిందని మాత్రం నువ్వు నన్ను ఒక్కనాడన్నా అడగలేదు."

ఓబులేసు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఫోన్‌లో ఆమె చెబుతుంటే తాను అడ్డుపడ్డాడు. కారులో మాట్లాడొద్దన్నాడు. ఇంట్లో నెల రోజులు గండి కథ చెప్పించాడు. బల్ల ముందు కూర్చున్న ప్రతి కక్షిదారునీ గంటలకొద్దీ విన్నవాడు, సొంత చెల్లెలిని వినలేదు. నిజమే. ఒక్కసారీ అడగలేదు.

అతను పత్రాన్ని నాలుగు ముక్కలుగా చించి జేబులో పెట్టుకున్నాడు. తెల్ల కాగితం తీసి మోకాలి మీద పరిచాడు.

"చెప్పు పాపా. ఆ పొద్దు ఏం జరిగింది?"

వసంతమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మొదటి నుంచీ మొదలుపెట్టింది. తొమ్మిదికి కరెంటు వచ్చింది. మోటారు వేసింది. ఎంతసేపు చూసినా చీనీ చెట్లకు నీళ్లు రాలేదు. కాలువ వెంట నడుచుకుంటూ పోయింది. ఆమెకు ప్రతి అడుగూ గుర్తుంది. తొందర లేకుండా, ఒక్కటీ వదలకుండా చెబుతోంది. ఓబులేసు ఆమె మాటల్లోనే రాసుకుంటున్నాడు.

టైము అయిపోయిందని వార్డరు వచ్చి ఆమె భుజం తట్టింది. అప్పటికి వసంతమ్మ ఇంకా బోరు దగ్గరికి చేరనే లేదు.